పిల్లలతో లావెండర్ తోటకు: మన చేతులతో పూలు కోసుకోనిచ్చే చోటు ఎక్కడ ఉన్నది?

ప్రశ్న: బరంపురం కోడలు

అందరికీ నమస్కారం. మేము బరంపురం వాస్తవ్యులము. మా అమ్మాయి మూడవ తరగతి చదువుతున్నది, అబ్బాయి ఇంకా బడి ముఖం చూడలేదు. 2024 గణతంత్ర దినోత్సవ కవాతును టీవీలో చూస్తున్నప్పుడు సి.ఎస్.ఐ.ఆర్. (కేంద్ర శాస్త్ర పరిశోధనా మండలి) శకటం మీద ఊదారంగు పూలు కనిపించాయి. అవి జమ్మూ ప్రాంతంలో రైతులు పండిస్తున్న లావెండర్ పూలని వ్యాఖ్యాత చెప్పగా విన్న మా అమ్మాయి, ఆనాటి నుండి ఆ పూలను చూడాలని, చూడడమే కాక తన చేతితో కోయాలని పట్టుబడుతున్నది.

మా అత్తగారికి, మామగారికి వైష్ణోదేవి మొక్కు ఒకటి తీరకుండా ఉన్నది. వచ్చే వేసవి సెలవులలో కుటుంబమంతా కట్రాకు వెళ్లి, దర్శనం అయ్యాక అక్కడి నుండి లావెండర్ పండే భదర్వాకు కూడా వెళ్లి వస్తే రెండు పనులూ ఒకే ఖర్చులో తీరుతాయని మావారు అంటున్నారు. అయితే అక్కడ పూలు కోసుకోనిస్తారా, లేక గట్టు మీద నిలబడి ఫొటో తీసుకొని రావడమేనా? చిన్న పిల్లలను తీసుకొని వెళ్లేటప్పుడు తేనెటీగల భయం ఎంత? కోసిన పూలు రెండు రోజుల రైలు ప్రయాణానికి నిలుస్తాయా? అంత దూరం వద్దనుకుంటే, మన గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలలో గానీ, సరిహద్దుకు ఆవలి శ్రీకాకుళం, మన్యం వైపు గానీ, మనమే కోసుకొని తూకం వేయించుకొని డబ్బు కట్టి తెచ్చుకునే చిన్న తోట ఏదైనా ఉన్నదా? అది లావెండరే కానక్కరలేదు. స్వయంగా వెళ్లి వచ్చినవారు చెబితే ఎంతో ఉపకారం.


జవాబు: ఛత్రపురం విశ్రాంత ఉద్యోగి

అమ్మా, నేను ఉద్యోగరీత్యా కొంతకాలం జమ్మూలో ఉన్నాను, భదర్వాకూ వెళ్లాను. మీవారి ఆలోచన ఖర్చు విషయంలో బాగానే ఉన్నది గాని, కాలం విషయంలో కుదరదు. లావెండర్ అక్కడ ఏడాదికి ఒక్కసారే పూస్తుంది. కోతలు జోరందుకునేది జూన్ నడుమ నుండి జూలై వరకు. మన ఒడిశాలో ఆ వేళకు బడులు తెరుచుకుంటాయి. ఎండలకు భయపడి మీరు మే నెలలో వెళితే కనిపించేవి బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ పొదలు మాత్రమే; వాటిని చూపించి ఇదే లావెండర్ అంటే మీ అమ్మాయి మిమ్మల్ని నమ్మదు. 2022లో అక్కడ తొలి లావెండర్ ఉత్సవం మే నెలాఖరులో జరిగిన మాట నిజమే. ఉత్సవం తేదీని చూసి టిక్కెట్లు తీసుకోకండి, అది సభలకూ దుకాణాలకూ పెట్టుకున్న తేదీ.

ఇక రెండవ సంగతి. మీరు అనుకుంటున్నటువంటి, గేటు దగ్గర కత్తెర ఇచ్చి లోపలికి పంపే తోటలు కావు అవి. డోడా జిల్లాలోని ఆ కొండ వాలులలో రైతులు పూర్వం మొక్కజొన్న వేసేవారు. జమ్మూలోని ఐ.ఐ.ఐ.ఎం. అనే సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ వాసన నూనెల పంటలను ప్రోత్సహించే అరోమా మిషన్ అనే పథకం కింద మొక్కలు ఇచ్చి, నూనె తీసే బట్టీలు పెట్టించి, వారిని ఈ పంటకు మళ్లించింది. ఒకసారి నాటితే పదిహేనేళ్ల దాకా కోత ఇచ్చే మొక్క అది. కోత రోజున ఇంటిల్లిపాదీ కొడవళ్లతో దిగి, పూల కాడలను పిడికిళ్లుగా కోసి, మూటలు కట్టి బట్టీకి చేరుస్తారు. వంద కిలోల పూలు బట్టీలో వేస్తే కిలో అటూ ఇటూగా నూనె దిగుతుంది. అంటే అక్కడ పువ్వు అలంకారానికి కాదు, నూనెకు. రైతును అడిగితే పిల్ల చేతికి ఒక గుప్పెడు సంతోషంగా ఇస్తాడు, డబ్బు కూడా తీసుకోడు. అడగకుండా చేలోకి దిగితే మాత్రం ఎవరికైనా కోపం వస్తుంది. మన చేలోకి ఎవరో దిగి వరి వెన్నులు తెంపితే మనం ఊరుకుంటామా?

దారి గురించి ఒక మాట. జమ్మూ నుండి భదర్వా సుమారు 200 కిలోమీటర్లు. ఉధంపూర్, బటోత్, డోడా మీదుగా వెళ్లాలి. 2017లో చెనానీ, నశ్రీల మధ్య సొరంగం తెరిచాక కొంత తగ్గినా, బటోత్ దాటిన తరువాత చీనాబ్ నది వెంట సాగే దారి పిల్లలకు కడుపులో తిప్పే దారే. జూలైలో అమర్‌నాథ్ యాత్ర వాహనాలు వస్తాయి గనుక జాతీయ రహదారి మీద ఎక్కడ ఆపుతారో చెప్పలేము. మెట్లు మెట్లుగా ఉండే ఆ చేల గట్ల మీద మీ మామగారు, అత్తగారు నడవగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి. వెళ్లి తీరాలనుకుంటే, భదర్వాలో రాత్రి బస చేసి, మంచు ఆరిన తరువాత ఉదయాన్నే చేలకు వెళ్లండి. కట్రా నుండి తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి తిరిగి వద్దామన్న లెక్క మాత్రం వేసుకోవద్దు.


జవాబు: జయపురం అమ్మమ్మ

మీరు అడిగిన పద్ధతి, అంటే కత్తెర పట్టుకొని మనమే కోసుకొనే పద్ధతి, నేను చూసినది ఇంగ్లండులో. మా అమ్మాయి అక్కడ హిచిన్ అనే ఊరికి దగ్గరలో ఉంటుంది. ఆ ఊరు పాత కాలం నుండి లావెండర్‌కు పేరు పొందినది. జూలైలో మనుమలతో కలిసి ఆ చుట్టుపక్కల ఒక చిన్న తోటకు వెళ్లాను. మీరు ఇంగ్లండుకు వెళ్లాలని కాదు, పిల్లలతో అటువంటి తోటకు వెళితే ఏమేమి చూసుకోవాలో మన దగ్గర ఏ పూల తోటకైనా పనికి వస్తుందని రాస్తున్నాను.

ప్రవేశ రుసుము కట్టిన వెంటనే తలా ఒక కాగితపు సంచీ, ఒక చిన్న కత్తెర ఇచ్చారు. సంచీ నిండే వరకు ఎన్ని కోసుకున్నా అదే ధర. ఏ వరుసలలో కోయవచ్చునో, ఏ వరుసలను తేనెటీగల కోసం వదిలిపెట్టారో చెప్పి పంపారు. మా చిన్న మనుమడు మొదట పువ్వు తలను పట్టుకొని లాగాడు. కాడ రాలేదు, పూరేకులు మాత్రం వేళ్లకు అంటుకొని వచ్చాయి. అప్పుడు అక్కడి మనిషి వంగి చూపించింది. ఎడమ చేతితో పది పన్నెండు కాడలను కలిపి గుప్పిట్లోకి తీసుకోవాలి, ఆకులు మొదలయ్యే చోటుకు కాస్త పైన కత్తెర పెట్టాలి, కిందనున్న గట్టి కొమ్మను ముట్టుకోకూడదు. ఆ ముదురు కొమ్మ దాకా కోస్తే మళ్లీ చిగురు రాదు. కంకి మీద మూడవ వంతు పూలు విచ్చుకొని, తక్కినవి మొగ్గలుగా ఉన్న కాడలే ఎండబెట్టడానికి మంచివి. పూర్తిగా విచ్చుకున్నవి ఎండాక రాలిపోతాయి. పిల్లలకు ఈ ఎంపికే ఆటగా మారుతుంది. నిజం చెప్పాలంటే వారికి పువ్వు కంటే కత్తెర ముఖ్యం. మొన లేని కత్తెర ఇంటి నుండే తీసుకొని వెళ్లండి, కత్తెర పట్టలేని చిన్నవాడికి సంచీ మోసే పని అప్పగించండి.

తేనెటీగల సంగతి అడిగారు. పూసిన లావెండర్ వరుస దగ్గర నిలబడితే ఝుంకారం వినిపిస్తూనే ఉంటుంది, దాన్ని చూసి ముందు నేనే వెనకాడాను. కాని తేనె తాగే పనిలో ఉన్న ఈగ తనను నలిపితే తప్ప కుట్టదు. అందుకే గుప్పిట మూసే ముందు కాడలను ఒకసారి మెల్లగా కదిలించమని పిల్లలకు నేర్పాలి. కాళ్లకు మూసి ఉండే బూట్లు వేయాలి, ఒంటికి సెంటు, తలకు వాసన నూనె వద్దు. ఒకవేళ కుడితే ముల్లును ఆలస్యం చేయకుండా గోటితో గీరి తీసివేసి, సబ్బుతో కడిగి, చల్లని నీటి గుడ్డ పెట్టాలి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

కోసిన వాటిని ప్లాస్టిక్ సంచీలో పెట్టవద్దు. లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. వార్తాపత్రికలో వదులుగా చుట్టి తెచ్చుకుంటే రెండు రోజుల ప్రయాణం తట్టుకుంటాయి. ఇంటికి వచ్చాక గుత్తిని దారంతో కాక రబ్బరు బ్యాండుతో కట్టాలి, ఎందుకంటే కాడలు ఎండి సన్నబడినప్పుడు దారం వదులై అన్నీ జారిపడతాయి. ఎండ తగలని గదిలో, గాలి ఆడే చోట తలకిందులుగా రెండు వారాలు వేలాడదీస్తే చాలు. ఆ తరువాత పిల్లల చేత మొగ్గలు నలిపించి, పలుచని గుడ్డ సంచులలో కట్టించి, పట్టుచీరల మడతలలో పెట్టుకోవచ్చు. లావెండర్ నూనె సీసా కొంటే మాత్రం పిల్లలకు అందకుండా దాచండి. వాసన మంచిదని నాలుక మీద వేసుకునే వయసు మీ చిన్నవాడిది, అది తాగేది కాదు.


జవాబు: సెమిలిగుడ నుండి

మన కొండల మీద లావెండర్ ఎందుకు లేదన్న ప్రశ్న తరువాత ఎవరైనా అడుగుతారు గనుక ముందే చెబుతాను. కొరాపుట్ జిల్లాలోని దేవమాలి ఒడిశాలోకెల్లా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. భదర్వా పట్టణం కూడా ఇంచుమించు అంత ఎత్తులోనే ఉన్నది. అంటే ఎత్తు చాలక కాదు. భదర్వాలో శీతకాలం మంచు కురుస్తుంది, మొక్క నిద్రపోయి లేస్తుంది. మన దగ్గర ఆ చలి లేదు, దానికి తోడు జూన్ నుండి అక్టోబరు వరకు వాన విడవదు. లావెండర్ మధ్యధరా సముద్ర తీరపు మొక్క. నీరు నిలవని, సున్నం కలిసిన పొడి నేల దానికి ఇష్టం. మన ఎర్ర నేలలు పులుపు నేలలు, తడి మీద తడి పడితే దాని వేరు కుళ్లుతుంది. నర్సరీలో కుండీతో కొన్న మొక్క తొలి వానాకాలంలోనే చనిపోవడానికి కారణం ఇదే. ఎక్కడైనా లావెండర్ తోట అని బోర్డు పెట్టి టిక్కెట్టు అమ్ముతున్నారంటే, ముందు ఆకు నలిపి వాసన చూడండి. ఊదారంగు సాల్వియా పూలను దూరం నుండి చూపి లావెండర్ అనడం చాలా చోట్ల జరుగుతున్నది. లావెండర్ ఆకు నలిపితే పూవు వాసనే వస్తుంది, సాల్వియాకు అది ఉండదు.

రంగుల చేను చూపించడమే మీ ఉద్దేశమైతే నవంబరు, డిసెంబరు నెలలలో మా వైపు రండి. నందపురం, పొట్టంగి, సెమిలిగుడ, అటు అరకు వరకు వలిసె చేలు పసుపు పరచినట్లు పూస్తాయి. అయితే అవి కోసుకునే పూలు కావు, నూనెగింజల పంట. తన పుప్పొడితో తాను గింజ కట్టని జాతి వలిసె, అందుకే తేనెటీగలు రావాలి. అరకు వైపు కొందరు రైతులు ఫొటోలకు కొంత డబ్బు తీసుకొని చేలోకి రానిస్తున్నారు. ఇస్తే తప్పు లేదు, తొక్కిన మొక్కకు గింజ రాదు కదా. పిల్లలను గట్టు మీదే నిలపండి.


మళ్లీ: బరంపురం కోడలు

ఇంత వివరంగా రాసినందుకు పెద్దలందరికీ నమస్కారాలు. మే నెలలో పూలు ఉండవన్న మాట తెలియడమే నాకు పెద్ద మేలు. వైష్ణోదేవి యాత్రను వేసవిలోనే పెట్టుకుంటాము, భదర్వాను మాత్రం దాని నుండి తీసివేస్తున్నాము.

ఈ సంభాషణ మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ వెంటనే, వాసన పూల కోసం జమ్మూ దాకా ఎందుకు, మన గంజాంలో మొగలిపొదలు లేవా, చిన్నప్పుడు మేము మొగలిరేకులతో జడలు వేసుకోలేదా అన్నారు. ఛత్రపురం పెద్దాయన గారూ, మొగలి కోతకు పిల్లలను తీసుకొని రావచ్చునా? ఇక, కత్తెర పట్టుకొని కోసుకొనే తోట మన దగ్గర ఉన్నదా అన్న ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.


జవాబు: ఛత్రపురం విశ్రాంత ఉద్యోగి

మీ అత్తగారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మొగలి వాసన విషయంలో దేశంలో గంజాం తరువాతే ఎవరైనా. ఛత్రపురం, రంగెయిలుండ, చికిటి ప్రాంతాలలో పొలం గట్ల మీద, వాగుల వెంట, సముద్రపు గాలి తగిలే ఇసుక నేలలలో పొదలు పెరుగుతాయి. గంజాం మొగలిపూవుకు, దాని నుండి తీసే రూహ్‌కు, అంటే అచ్చమైన మొగలి నూనెకు, భౌగోళిక గుర్తింపు కూడా ఉన్నది. వాన నెలలే దానికి ముఖ్యమైన పూత కాలం.

అయినా పిల్లల చేత కోయించే పువ్వు కాదు అది. ఆకు రెండు అంచులా, నడిమి ఈనె వెనుకా వంపు తిరిగిన ముళ్లుంటాయి. చేయి లోపలికి పోతుంది గాని బయటికి తీసేటప్పుడు గీసుకుపోతుంది. కోసేవారు పొడవాటి కర్ర చివర కొడవలి కట్టి, తెల్లవారకముందే కోసి, ఎండ ఎక్కేలోగా బట్టీకి చేరుస్తారు. పూవు తూకానికి కాక లెక్కకు అమ్ముడుపోతుంది. పొదల కింద పాములు ఉంటాయన్నది ఊరికే పుట్టిన మాట కాదు. చల్లని నీడ, ఎలుకలు ఉన్న చోటికి అవి వస్తాయి.

కోతకు కాక బట్టీకి తీసుకొని రండి. అది పిల్లలు మరచిపోరు. పెద్ద రాగి డేగిశాలో వెయ్యి పూల దాకా వేసి, నీరు పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. వెదురు గొట్టం గుండా ఆవిరి దిగి, నీటి తొట్టిలో చల్లబడుతున్న మరొక రాగి పాత్రలో చేరుతుంది. ఆ పాత్రలో ముందుగానే మంచి గంధపు నూనె పోసి ఉంచితే అత్తరు, నూనె లేకుండా పడితే మొగలి నీరు. భదర్వాలో లావెండర్‌కు ఉక్కు బట్టీ, మనకు రాగి బట్టీ. జరిగే పని ఒకటే. యజమానికి ముందు రోజు ఫోన్ చేసి అనుమతి తీసుకోండి, మంట దగ్గర చిన్నవాడిని ఎత్తుకొనే ఉండండి. తిరిగి వెళ్లేటప్పుడు ఒక పువ్వు కొనుక్కుంటే పైముళ్లు ఒలిచి ఇస్తారు, లోపలి లేత రేకులు మీ అత్తగారి చేతికి ఇవ్వవచ్చు.


జవాబు: పర్లాకిమిడి పూలరైతు

కోసుకొనే తోట గురించి అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పగలను. మాది పర్లాకిమిడికి దగ్గరలో, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న పల్లె. బంతి, చామంతి, కొంచెం లిల్లీ వేస్తాము. బోర్డు పెట్టి టిక్కెట్టు అమ్మే తోట కాదు మాది, అటువంటివి ఈ చుట్టుపక్కల నేను చూడలేదు. కాని తెలిసినవారు పిల్లలను తీసుకొని వస్తామంటే రానిస్తాము. కోసుకున్నది కాటా మీద పెట్టి ఆనాటి మార్కెట్టు ధరకు ఇస్తాము. మా వంటి రైతులు మీ బరంపురం శివార్లలో కూడా ఉంటారు. పూల బజారులో ఉదయం బుట్టలు దించేవారిని అడిగితే ఏ ఊరి నుండి తెచ్చారో చెబుతారు. తోట ఎక్కడిదైనా మీరు రైతును ఏమేమి అడగాలో రాస్తాను, ఎందుకంటే వచ్చినవారిలో చాలామంది అడగరు.

అన్నిటికంటే ముందు అడగవలసినది, మందు ఎప్పుడు కొట్టారని. చామంతికి పేనుబంక, తామరపురుగు పట్టినప్పుడు మందు కొట్టక తప్పదు. పూలు తినేవి కావు గనుక కొందరు సాయంత్రం కొట్టి తెల్లవారి కోస్తారు. పెద్దవాళ్లు చేతులు కడుక్కుంటారు, పిల్లలు అదే చేతితో బిస్కెట్టు తింటారు. ఎన్నాళ్లు ఆగాలో మందు డబ్బా మీదే రాసి ఉంటుంది. మా ఇంట్లో పిల్లలు వచ్చే మాట ఉంటే వారం ముందు నుండి ఆ మడికి మందు ఆపుతాను. ఆపలేని పరిస్థితి ఉంటే రావద్దని చెబుతాను. మొహమాటపడి రమ్మనే రైతు కంటే వద్దనే రైతు మేలు.

రెండవది, బావి. మా వైపు పొలం బావులు చాలావాటికి గట్టు ఉండదు, నేల మట్టానికే నోరు తెరుచుకొని ఉంటాయి. పచ్చిక పెరిగితే పెద్దలకే కనబడవు. తోటలోకి అడుగు పెట్టగానే బావి ఎక్కడ, మోటారు ఎక్కడ, స్టార్టరు పెట్టె తీగ ఎటు నుండి వస్తున్నది అని అడిగి, పిల్లలకు చూపించి, అటు వెళ్లకూడదని చెప్పండి. అడవి పందుల కోసం కరెంటు తీగ కట్టే అలవాటు కొన్ని ఊళ్లలో ఉన్నది. అది నేరం, ప్రాణాలు పోయే పని. అటువంటిది ఉందని అనుమానం కలిగితే ఆ గట్టు ఎక్కవద్దు.

కోత విషయానికి వస్తే బంతి పిల్లలకు చాలా అనుకూలమైన పువ్వు. కత్తెర కూడా అక్కరలేదు. పువ్వు కింద బొటనవేలు, చూపుడువేలు పెట్టి పక్కకు వంచితే కాడ టక్కున విరుగుతుంది. పైకి లాగితే మాత్రం కొమ్మంతా ఊడివస్తుంది, ఆ కొమ్మకు రావలసిన మొగ్గలు పోతాయి. నారు నాటిన నెలా పది రోజులకు తల తుంచి, పక్క కొమ్మలు వచ్చేలా మేము పెంచుకున్న మొక్క అది, ప్రతి కొమ్మకూ లెక్క ఉంటుంది. బంతి కోసేకొద్దీ పూస్తుంది గనుక పిల్లలు కోస్తే రైతుకు నష్టం లేదు, పూర్తిగా విచ్చుకున్నవే కోయించండి చాలు. ఆకు పసరు కొందరి చర్మానికి దురద పెడుతుంది, వేళ్లు పచ్చగా మారి సాయంత్రం దాకా వదలవు; పొడుగు చేతుల పాత చొక్కా వేయండి. చామంతికి కత్తెర కావాలి. లిల్లీని పిల్లలకు ఇవ్వము, మొగ్గగా ఉండగానే చీకటితో కోయాలి, ఎండ వచ్చాక పనికి రాదు.

ఎప్పుడు రావాలన్నది చివరి మాట. ఎండాకాలం సెలవులలో మా దగ్గర చూడవలసినంత పువ్వు ఉండదు. ఆషాఢంలో నాటిన బంతి దసరాకు అందుతుంది, మీకు పూజా సెలవులు కూడా అప్పుడే. కాని అక్టోబరు మన తీరానికి తుపాను నెల. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినది, 2018లో తిత్లీ మా గజపతి జిల్లాను ముంచినది, రెండూ ఆ నెలలోనే. అందుచేత దసరాకు వస్తామని కారు మాట్లాడుకొని, బయలుదేరే ముందు రోజు ఫోన్ చేయకుండా రావద్దు. వాన పడి ఆరని మడిలోకి దిగితే కాళ్ల కింద మట్టి గట్టిపడి వేరుకు గాలి ఆడదు, అందుకని వాన వెలిసినా ఒకటి రెండు రోజులు ఎవరినీ దిగనివ్వము.


మళ్లీ: బరంపురం కోడలు

అన్నగారూ, బావి మాట, మందు మాట మీరు చెప్పకపోతే నాకు తట్టేవే కావు. మా పిల్లలకు పూజా సెలవుల కంటే మార్గశిరం అనుకూలంగా కనిపిస్తున్నది. చలి ఉంటుంది, వాన భయం తక్కువ, మా ఇంట్లో లక్ష్మీపూజకు బంతిపూలు ఎలాగూ కావాలి. ఏదైనా బుధవారం ఉదయం వస్తే పిల్లలు కోసిన పూలతోనే గురువారం పూజ చేసుకోవచ్చునని మా అత్తగారు అంటున్నారు. బుధవారం రావచ్చునా? ముందుగా మీకు ఎంత డబ్బు పంపాలి?


జవాబు: పర్లాకిమిడి పూలరైతు

చెల్లెమ్మా, ముందుగా డబ్బు ఏమీ పంపవద్దు, కాటా మీద పడిన తరువాతే లెక్క. బుధవారం మాత్రం వద్దు. మార్గశిర గురువారాల పూజకు ఒడియా ఇళ్లు, తెలుగు ఇళ్లు అన్నీ ఆ రోజే పూలు కొంటాయి, తెల్లవారకముందే మడి అంతా కోసి బండికి ఎక్కించేస్తాము. మీ పిల్లలు వచ్చేసరికి ఆకులు మిగులుతాయి. మంగళవారం రండి. మంచు ఆరిన తరువాత, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య అయితే పూలు నిండుగా ఉంటాయి, నాకూ తీరిక ఉంటుంది. మంగళవారం కోసిన బంతిని నీళ్లు చిలకరించకుండా, వెదురు బుట్టలో పలుచగా పరిచి, తడి గుడ్డ కప్పి నీడలో పెడితే గురువారం ఉదయానికి వాడదు. మీ వాడు సంచీ మోయడానికి చిన్న బుట్ట ఒకటి మా దగ్గర ఉన్నది, కత్తెర మాత్రం మీరే తెచ్చుకోండి. వచ్చే ముందు వారం ఒకసారి గుర్తు చేయండి, మడి చివర నాలుగు వరుసలకు మందు ఆపి ఉంచుతాను.